తిమ్మక్క ఏ ఫోల్డరులో ఉంది

ఎంటర్ నొక్కితే లోపలికి పోతావు, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఒక గడప వెనక్కి వస్తావు, కంప్యూటరంటే ఇంతే అత్తా, అని హరినాథ్ మొదటి రోజు చెప్పిన మాట కమలాక్షి చెవిలో తిరుగుతూనే ఉంది. కానీ ఆ మాట ఎక్కడికి పోవాలో తెలిసినవాళ్లకు. ఏ గడప లోపల తాను వెతికే మనిషి ఉందో తెలియనివాళ్లకు గడపలన్నీ ఒకేలా కనిపిస్తాయి, పసుపుపచ్చటి చిన్న చిన్న అట్ట సంచుల్లా, ఒకదాని కింద ఒకటి, తెర అడుగుదాకా. ఫ్యాను తిరుగుతోంది. పెట్టె గుయ్యిమంటోంది. పది కొడితే కరెంటు పోతుంది, పోతే మళ్లీ మధ్యాహ్నం దాటాకే, పుంగనూరులో ఈ ఎండాకాలమంతా అదే వరస, ఆ లోపల తిమ్మక్క ముఖం దొరకాలి. స్టూడియో మేనల్లుడు హరినాథ్‌ది, వాడు హార్స్‌లీ హిల్స్‌లో ఎవరిదో పెళ్లి ఫొటోలు తీయడానికి పోయి ఉన్నాడు, కొండ మీద వాడి సెల్లు పలకదు, చేసి చూస్తే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేసింది. ముందు గదిలో, పాస్‌పోర్టు ఫొటోలకు మనుషుల్ని కూర్చోబెట్టే స్టూలు మీద, నీలం గుడ్డ ముందర, తిమ్మక్క కొడుకు కొండప్ప కూర్చుని ఉన్నాడు. ఇంకెక్కడా చోటు లేక అక్కడ కూర్చున్నాడు కానీ, వీపు నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఉంచి, ఎవరో వచ్చి ఫొటో తీస్తారన్నట్టే కూర్చున్నాడు.

అతను కుప్పంలో ఒక గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. పెద్దపంజాణి పక్కన పల్లెలో ఒంటరిగా ఉంటున్న తల్లిని పోయిన ఏడాది తన దగ్గరికి తీసుకుపోయాడు. ఈమధ్య ఆమెకు మతి నిలవడం లేదట, పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోతుందట, కోడల్ని పట్టుకుని నువ్వెవరమ్మా అంటుందట. మొన్న పొద్దున మా ఊరికి పోతానని సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది, బస్టాండుకు పోకుండా రైల్వే స్టేషనుకు పోయింది. సిమెంటు బల్ల మీద కూర్చుని ఉండగా టీ అమ్మేవాడు చూశాడు, తర్వాత చూస్తే లేదన్నాడు. అటు బెంగళూరు బండి పోయింది, ఇటు జోలార్‌పేట బండి పోయింది. ఏది ఎక్కిందో. అసలు ఎక్కిందో లేదో. ఇదంతా కొండప్ప గుమ్మంలో నిలబడే చెప్పాడు, చాలామందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా చెప్పాడు.

"ఓటు కార్డు ఆ యమ్మ సంచిలోనే ఉండాది. రేషన్ కార్డులో ఫొటో నీళ్లు పడి మొగమే లేదు. ఇంట్లో ఒగటంటే ఒగటి లేదమ్మా. మద్దేనం బండిలో పొయ్యే పోలీసాయన చేతికిస్తే ప్రతి స్టేషన్లో సూపిస్తామన్నారు. పెండ్లిండ్లల్లో మా యమ్మ యాడో ఒగచోట పడింటాది కదా, మీ కాడ దొరుకుతాదని వచ్చినా."

"పడింటాది లేప్పా. ఎవరి పెండ్లిండ్లకు పొయ్యిందో అది చెప్పు."

"అన్నిటికీ పొయ్యేది," అన్నాడు కొండప్ప.

అన్నిటికీ. అది నిజమే, పుంగనూరులో మూడు కల్యాణ మండపాల్లో ఎక్కడ పెళ్లి జరిగినా తిమ్మక్క ఉండేది, ఆకులు వేసేది, నీళ్లు పోసేది, ఎంగిలాకులు ఎత్తేది, గిన్నెలు తోమేది, అంతా అయ్యాక వెనక వాకిలి నుంచి స్టూడియో ఇంట్లోకి వచ్చి, కాఫీ తాగి, ఆఖరి బస్సుకు పల్లెకు పోయేది. కాబట్టి అన్ని పెళ్లిళ్లూ వెతకాలి, అన్ని పెళ్లిళ్లూ వెతికేంత టైము లేదు. కమలాక్షి చీర కుచ్చెళ్లు సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. మౌసు ముట్టుకోకు అత్తా, అంటాడు హరినాథ్, నీ చెయ్యి వణికితే ఒక ఫోల్డరు పోయి ఇంకో ఫోల్డర్లో పడుతుంది, తర్వాత నేను ఊరంతా వెతుక్కోవాల, వేళ్లతోనే పో. వేళ్లతోనే పోతే పొరపాటు జరగదు. ఎస్ నొక్కితే ఎస్‌తో మొదలయ్యే ఊరి దగ్గరికి దూకుతుంది, మళ్లీ ఎస్ నొక్కితే ఆ తర్వాతి ఊరికి. వాడు ప్రతి పెళ్లికీ ముందు పెళ్లికొడుకు ఊరి పేరు, అడ్డగీత, తర్వాత అతని పేరు పెడతాడు. సదుం అడ్డగీత ఉమాశంకర్. ఎంటర్. లోపల ముహూర్తం, అక్షింతలు, భోజనాలు, అప్పగింతలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. తెలుగు మాత్రం ఎవరు నేర్పారు. మదనపల్లెలో నాన్న కొట్టులో పొట్లాలు కట్టే పాత పేపర్లే ఆమె బడి, ఆడపిల్లకు బడి ఎందుకన్నారు గానీ పొట్లం కట్టే కాగితం చదవొద్దని ఎవరూ అనలేదు. బస్సుల నుదుటి మీద రెండు భాషల్లో రాసిన ఊళ్ల పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తూ చూస్తూ పెద్దయ్యాక ఇంగ్లీషు అక్షరాలు పట్టింది.

ఆ పొట్లాల కాగితాల్లో కథలుండేవి. కథలంటే ముక్కలు, పైన చిరిగి ఉండేవి, కింద చిరిగి ఉండేవి, ఒక అమ్మాయి బావిగట్టు మీద నిలబడి ఉంటుంది, ఎందుకు నిలబడిందో పైముక్కతో పోయి ఉంటుంది, తర్వాత ఏమైందో కిందముక్కలో ఎవరింటికో కందిపప్పుతో పోయి ఉంటుంది. కొట్టు వెనక వసారాలో చింతపండు గింజలు తీసే ఆమె కూతురు తిమ్మక్క. ఇద్దరిదీ ఒకటే ఈడు. కమలాక్షి చదివేది, తిమ్మక్క చింతపండు పిసుకుతూ వినేది, ముక్క అయిపోగానే మిగతాది తనే చెప్పేది. ఆ పిల్ల బాయిలో దూకలేదు లే, చేదకొచ్చింది, చేద తెగిపాయ, అందుకని నిలబడుకోనుండాది, అంతే, అనేది. తిమ్మక్క చెప్పే కథల్లో ఎవరూ చచ్చేవాళ్లు కాదు, ఎవరూ ఇల్లు విడిచి పోయేవాళ్లు కాదు, పోయినా పొద్దుగూకేలోపల వచ్చేసేవాళ్లు. వస్తుందా. పొద్దు గూకి ఎన్ని పొద్దులయింది. జోలార్‌పేటలో ఎవరు మాట్లాడతారు తెలుగు. ఆకలేస్తే ఎవరిని అడుగుతుంది.

అక్షింతల ఫోల్డరు. మొదటి ఫొటో మీద ఎంటర్, తర్వాత కుడి బాణం, కుడి బాణం, కుడి బాణం. ఒక్కొక్కటీ తెర నిండా వచ్చి నిలబడుతుంది, వేదిక మీద దంపతులు, అటూ ఇటూ బంధువులు, పట్టు చీరలు, పంచెలు, పక్కకు చూస్తున్న పిల్లకాయలు, ఎవరో ఒకరు ఎప్పుడూ కళ్లు మూసుకుని. బ్యాక్‌స్పేస్. ఇంకో ఊరు. చౌడేపల్లి. పలమనేరు. తేదీ వరసలో పెట్టి చూద్దామంటే అదీ కుదరదు, కెమెరాకు బ్యాటరీ మార్చినప్పుడల్లా దాని కాలం వెనక్కి పోతుంది, తేదీల ప్రకారం అయితే జిల్లాలో సగం పెళ్లిళ్లు ఒకే జనవరి ఒకటో తేదీన జరిగి ఉంటాయి. కుడి బాణం, కుడి బాణం. వందల ముఖాలు. అన్నీ తెలిసిన ముఖాలే, ఒక్కటీ కావలసిన ముఖం కాదు. ఎంత పిచ్చిదాన్ని, అనుకుంది కమలాక్షి ఒక్కసారిగా, వేలు బాణం మీదే ఆగిపోయింది. తిమ్మక్క వేదిక ఎక్కుతుందా. భర్త పోయిన మనిషి అక్షింతలు వేయడానికి ముందుకు వస్తుందా. ఎవరూ రావద్దని చెప్పరు, చెప్పాల్సిన పని లేకుండా వాళ్లే వెనక ఉండిపోతారు. తానూ అంతే కదా, ఏ పెళ్లిలోనైనా స్తంభం వెనక, గుమ్మం పక్కన, బియ్యం మూటల దగ్గర. తన ముఖం ఈ పెట్టెలో ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది. ముందు వరసలో ఉండేవాళ్లు ఉండే చోట వెతికితే వెనకవాళ్లు దొరకరు. బ్యాక్‌స్పేస్. భోజనాలు.

భోజనాల ఫోల్డర్లలో బంతికి నాలుగైదు ఫొటోలే ఉంటాయి, పెద్దమనుషులు తింటున్నవి, వియ్యంకులకు కొసరి వడ్డిస్తున్నవి. ఆల్బంలోకి ఎక్కనివన్నీ, వీపులు పడ్డవి, చేతులు అడ్డమొచ్చినవి, సాంబారు బకెట్టు ముందుకొచ్చి పెళ్లిపెద్ద వెనక్కి పోయినవి, అన్నింటినీ హరినాథ్ వేస్ట్ అనే ఫోల్డర్లో పడేస్తాడు. ప్రతి పెళ్లిలోనూ అట్టడుగున అదొకటి ఉంటుంది. తిమ్మక్క ఉంటే అందులోనే ఉండాలి. కమలాక్షి డబ్ల్యూ నొక్కింది. ఏమీ కదల్లేదు. ఇంకో ఊరికి పోయి నొక్కింది. అక్కడా లేదు. ఉగాదికి ముందు హరినాథ్ చెప్పిన మాట గుర్తొచ్చింది, డి డ్రైవు గొంతుదాకా నిండిపోయింది అత్తా, కొత్త పెళ్లిళ్లకు చోటు లేదు, వేస్టులన్నీ తీసి పారెయ్. తాను సరేనంది. సరేనని, వాడు నిద్రపోయాక, ఒక్కటీ పారేయలేదు.

"దొరికిందామ్మా?" అని కొండప్ప అక్కడి నుంచే అడిగాడు. దొరుకుతుంది ఉండప్పా, అంది. కాఫీ పెట్టివ్వనా అని అడగాలని కూడా తోచలేదు.

పారేయలేదు, దాచింది. అన్ని వేస్టులనూ ఒక్కటిగా మూటగట్టి ఇ డ్రైవుకు మార్చింది, అది ఇంటి డ్రైవు, హరినాథ్ పాటలు, ఆటలు, ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన పనిముట్లు, పేర్లు కూడా నోరు తిరగని ఫోల్డర్లు, వాటి లోపల వాటి పిల్లలు, వాటి పిల్లల లోపల వాటి పిల్లలు. వాడి కంట పడితే మళ్లీ తీసేయమంటాడని ఎక్కడో లోపలికి తోసింది. వేస్ట్ అనే పేరుంటే పట్టుబడుతుందని పేరు కూడా మార్చింది. ఏ పేరు పెట్టింది, ఎక్కడ తోసింది, రెండూ గుర్తులేవు. వెతకమని ఎఫ్ త్రీ నొక్కింది, తెర పక్కన పసుపు కుక్కపిల్ల బొమ్మ వచ్చి కూర్చుంది, వెతకాల్సిందేమిటో చెప్పమంది. వేస్ట్ అని కొట్టింది, కుక్కపిల్ల తోక ఊపుకుంటూ పుస్తకం తిరగేసి, తిరగేసి, ఏమీ లేదని చేతులు కట్టుకుంది. ఫొటోలన్నీ చూపించమంటే వేల పేర్లు వరసగా వచ్చి పడ్డాయి, అన్నీ అంకెలే, కళ్లు తిరిగాయి. ఎస్కేప్. పేరు మరిచిన మనిషిని ఏ కుక్కపిల్ల వెతికిపెడుతుంది. ఫాంట్స్ అనే ఫోల్డర్లో చూసింది. ప్రింటరు డ్రైవర్లు ఉండే దాంట్లో చూసింది. లోపలికి, లోపలికి, బయటికి, బయటికి.

అమ్మ కూడా ఇట్లాగే దాచేది. రాగుల కుండలో తాళంచెవి, ఉలవల కుండలో బెల్లం. ఇంట్లో ఉన్న కుండలన్నీ ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఏ కుండలో ఏముందో అమ్మ చేతికే తెలిసేది. పోయే ముందు మంచంలో పడి ఉన్నప్పుడు ముక్కుపుడక అని ఏదో గొణిగింది, ఏ కుండో చెప్పకముందే నోరు పడిపోయింది, ఎక్కడుందో చూద్దామనేలోపల ఆ ఏడాది రాగులన్నీ కూలివాళ్లకు కొలిచిపోసేశారు. ఎవరి సంగటిలోనో తిరిగి ఉంటుంది ఆ ముక్కుపుడక. బెల్లం మాత్రం కమలాక్షి ఒక్కసారి పట్టుకుంది, అదీ తిమ్మక్క సలహాతో. మీ యమ్మ నీకు సెయ్యి పెట్టబుద్ధి గాని కుండలో పెట్టింటాది సూడు, అంది తిమ్మక్క. ఎండు మిరపకాయల కుండలో దొరికింది. ఇద్దరూ బెల్లం తిని, మంటకు చేతులు నెత్తిన రుద్దుకుంటూ వసారాలో గెంతారు.

చెయ్యి పెట్టబుద్ధి కాని కుండ.

తన చెయ్యి ఎక్కడికి పోదు. ఈ పెట్టెలో ఇన్నాళ్లుగా తాను ఎంటర్ నొక్కకుండా దాటిపోయే గడప ఏది. అడగాల్సిన పని లేదు, తెలుసు, ఇ డ్రైవు తెరిచిన ప్రతిసారీ బాణం దాని మీద ఒక్క క్షణం ఆగకుండా కిందికి దిగిపోతుంది. నీరజ పెళ్లి. హరినాథ్ చెల్లెలు. తల్లి లేని పిల్ల, నడక రాకముందు నుంచి తన కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. వాళ్లమ్మ పోయిననాడు తమ్ముడు ఆ పిల్లను తెచ్చి తన ఒడిలో పెట్టి పోయాడు. పెళ్లయి రెండేళ్లయింది, హోసూరులో ఉంటుంది, బాగానే ఉంటుంది, పండగలకు వస్తుంది, పోతుంది. ఆ పోవడం చూడడమే తనకు చేతకాదు. ఇంటికొచ్చిన వాళ్లు పోతామని లేచేసరికి తాను వంటింట్లోకి పోతుంది, ఏదో గిన్నె తీసి ఏదో గిన్నెలో పోస్తుంది, మాటలు వినపడ్డం ఆగాక బయటికి వస్తుంది. మదనపల్లె నుంచి తనను అత్తారింటికి తీసుకొచ్చిన రోజు నుంచీ ఇదే. నవ్వుకుంటారు అందరూ, కమలాక్షి పంపించదు, మాయమవుతుంది, అని. నవ్వుకోనీ. గడప దాటే మనిషి వీపు చూడడం తన వల్ల కాదు, అంతే.

ఎన్ నొక్కింది. ఎంటర్. అప్పగింతలు. అక్కడ ఆగింది. వాకిట్లో సైకిలు బెల్లు. ఫ్యాను తిరుగుతోంది ఇంకా. ఎంటర్ నొక్కింది, తొందరలో రెండుసార్లు నొక్కిందేమో, ఫోల్డరు తెరుచుకుని, ఫొటో కూడా తెరుచుకుని తెర నిండా నీరజ నిలబడింది. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉన్నాయి. తమ్ముడు కూతురి చేయి తీసి వియ్యంకుడి చేతిలో పెడుతున్నాడు, అందరూ ఆ చేతుల్నే చూస్తున్నారు, నీరజ ఒక్కతే చూడడం లేదు. మెడ చాపి, తలల మీదుగా, మండపం తలుపుల వైపు, స్తంభాల వైపు చూస్తోంది. ఎవరి కోసమో తెలుసు. ఇదే చూడకూడదనుకున్నది, ఇన్నాళ్లూ దాటిపోయింది ఇందుకే. చూసింది. ఏమీ కాలేదు. కళ్లద్దాల కింద తడి వచ్చింది, తుడుచుకుంది, తెర అలాగే ఉంది, పిల్ల అలాగే చూస్తోంది. పో తల్లీ, నేనిక్కడే ఉండాను, అంది లోపల. తర్వాత కిందికి దిగితే, ఫొటోల మధ్య, ఎవరికీ పనికిరాని పేరుతో ఒక పసుపు సంచి. న్యూ ఫోల్డర్. ఆ రాత్రి ఒక్క ఫొటో మీదా కన్ను పడకుండా ఇక్కడ తోసి బయటికి వచ్చేసింది కాబోలు. పేరు మార్చానని ఇంత కంగారు పడింది, పెట్టిన పేరు ఇదా, పేరే పెట్టకుండా వదిలేసిందా.

లోపల అన్నీ ఉన్నాయి. ఊరు ఊరు. ఈసారి ఎంటర్ నొక్కిన ప్రతిచోటా తిమ్మక్క ఉంది. సదుంలో నీళ్ల చెంబు వంచుతూ, ముఖం మీద కొంగు. చౌడేపల్లిలో ఆకులు ఎత్తుతూ, వంగిన వీపు, నడుముకు బిగించిన ముదురాకుపచ్చ చీర. పలమనేరులో పెళ్లిపెద్ద భుజం వెనక సగం చెవి, చెవికి పోగు లేని పెద్ద తూటు, అది తిమ్మక్క చెవే, తనకు తెలీదా. రసం గరిటె పట్టుకున్న చెయ్యి, మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ. కుడి బాణం, కుడి బాణం. ఏ ఫొటోలోనూ పూర్తిగా లేదు, ఏ ఫొటోలోనూ లేకుండా లేదు. అన్నింటినీ తెచ్చి పక్కపక్కన పెట్టి అతికితే ఒక మనిషి అవుతుందేమో. కానీ చెవి చూసి, మచ్చ చూసి జోలార్‌పేటలో ఎవరు గుర్తుపడతారు. ముఖం కావాలి, కళ్లు ఇటు తిప్పిన ముఖం. కెమెరా పట్టుకున్నవాడు తనకేసి తిప్పితే చాలు, ఆమె ముఖం దించేస్తుంది, నన్ను తీసి ఏం జేసుకుంటావప్పా, రీలు దండగ, అంటుంది, ఇప్పుడు రీలు లేదని హరినాథ్ ఎన్నిసార్లు చెప్పినా. గోడ మీద గడియారం వైపు చూడొద్దనుకుని చూసింది. ఇంకొంచెం ఉంది. చివరి సంచి నీరజ పెళ్లిదే, వాళ్ల పెళ్లి వేస్టు వాళ్ల పెళ్లిలోనే తిరిగి వచ్చి కూర్చుంది. ఎంటర్. చీకటి ఫొటోలు. నేల. ఎవరిదో కాలు. మసక. ఎవరు తీశారివి. హరినాథ్ తీసినవి కావు, వాడి చేయి ఇలా వణకదు.

తాను తీసినవి.

అవును, అప్పగింతలు అవుతూనే, పెళ్లికూతురి అన్న కాబట్టి వాడు కారు దగ్గరికి పరుగెత్తాలి, పట్టుకో అత్తా అని కెమెరా తన మెడలో వేసి పోయాడు. తాను కెమెరాతో సహా ఉగ్రాణం గదిలోకి పోయింది, బియ్యం మూటలు, కూరగాయల గంపల మధ్య చీకట్లో కూర్చుంది, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కెమెరా మీద పెట్టింది, అది తనంతట తాను క్లిక్కుమంటూ నేలనూ, మూటలనూ, తన కాళ్లనూ తీసుకుంది. బయట బ్యాండు. కారు హారను. ఎవరూ తన కోసం రారు, అందరికీ తెలుసు తాను మాయమవుతుందని. అప్పుడు తలుపు తెరుచుకుంది, వెలుగు పడింది, ఆ వెలుగులో, కమలీ, అని పిలుపు. ఆ పేరుతో పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు, నలుగురిలో అయితే కమలమ్మా అంటుంది. తిమ్మీ, అంది తాను, మూటల వెనక నుంచి. ఆమె గిరుక్కున ఇటు తిరిగింది. వేలు కదిలింది.

కుడి బాణం. అదిగో. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, గుమ్మంలో, ముఖమంతా ఇటే, పళ్లు రెండు లేని నవ్వు, నుదుటి మీద చెమట, రెండు కళ్లూ తననే చూస్తూ. ఈడుండావా, మళ్లా దాక్కోనుండావా, అంటున్న నోరు సగం తెరుచుకుని. మళ్లా. తిమ్మక్క పెళ్లయి అత్తారి పల్లెకు పోయిననాడు ఆమె ఇట్లాగే కొట్టు వెనకంతా వెతికి, చింతపండు గంపల చాటున కూర్చున్న తనను పట్టి లేవదీసింది, పోయేది నేనైతే దాక్కునేది నువ్వా, అని తిట్టింది. ఆ రోజూ వెతికింది, నీరజ పెళ్లిలోనూ వెతికింది, చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా ఈడ్చుకుపోయింది, కారు కదిలి పోతోంది అప్పటికే, కిటికీలోంచి నీరజ చెయ్యి బయటికి వచ్చి ఊగింది, తాను చూసింది. తిమ్మక్క ఈడ్చకపోతే అదీ చూసి ఉండదు. పోయిన ఏడాది కొండప్ప సామాన్ల లారీ ఈ వీధిలోంచే కుప్పం పోయింది, ఆగలేదు. ఆ రోజు తనను వెతకడానికి ఎవరూ రాలేదు, తాను ఈ కుర్చీలోనే ఉంది, తెర వైపు తిరిగి, కుడి బాణం నొక్కుతూ.

కంట్రోల్, పి. ప్రింటరు గరగరలాడి కాగితాన్ని లోపలికి పీల్చుకుంది. జుట్టు వచ్చింది మొదట, తర్వాత నుదురు, తర్వాత కనుబొమలు, గీత గీతగా, ఎంత నెమ్మదిగా వస్తోందో, కరెంటు పోకూడదు, పోకూడదు, కళ్లు వచ్చాయి, నవ్వు వచ్చింది, కొంగు వచ్చింది. కాగితం బయట పడింది. కొండప్ప లేచి వచ్చి రెండు చేతులా అందుకున్నాడు.

"మా యమ్మ ఇట్ల నవ్వుతాదా," అన్నాడు. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది. కాగితాన్ని మడవకుండా ఎలా పట్టుకుపోవాలో తెలియక అటూ ఇటూ చూస్తే, కమలాక్షి ఒక పాత ఆల్బం అట్ట ఇచ్చింది. అతను అట్టను చంకలో పెట్టుకుని, ఎంతివ్వాలని అడగబోయి, ఆమె ముఖం చూసి మానుకుని, పొయ్యొస్తానమ్మా, పదకొండు బస్సు ఉండాది, అన్నాడు. ఆ మాట వినగానే ఆమె కాళ్లు అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగాయి. రెండడుగులు కూడా వేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. గిన్నెల్లో మార్చిపోయడానికి ఏమీ లేదు. పోలీసులు ఈ కాగితం చూపిస్తారు, చూపించి ఈమెను చూశారా అంటారు, ఎవరో ఒకరు చూశామంటారు, అంతవరకు బాగుంది. తర్వాత. ఎక్కడో ఒక ప్లాట్‌ఫారం మీద, తిమ్మక్కా అనో, ఓ ముసలమ్మా అనో పిలుస్తారు, ఆమె తల దించుకునే ఉంటుంది. అన్ని ఫొటోల్లో దించుకునే ఉంది. ఒక్క పిలుపుకు తలెత్తింది.

"ఉండు కొండప్పా, నేనూ వస్తాండా."

"నువ్వు యాలమ్మా, ఈ ఎండలో. మూడు గంటలు బస్సులో కూసోవాల. ఆ యమ్మ నన్నే గుర్తుపట్టలేదు."

"నన్ను పడతాదో లేదో సూద్దాం. ఫొటో యాడ పిలస్తాదప్పా."

ఆమె కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపింది, తెర మీద నీరజ పెళ్లి, ఊళ్లు, పసుపు సంచులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. చెంబుతో నీళ్లు తాగింది. మందుల పొట్లం, దువ్వెన, తిమ్మక్కకు ఉంటుందని ఒక చీర, గుడ్డ సంచిలో వేసుకుంది. హరినాథ్‌కు చెప్పమని పక్క టైలరు కొట్టు విజయమ్మకు తాళంచెవి ఇస్తుండగానే వీధిలో పాడుతున్న మైకు ఆగిపోయింది, కరెంటు పోయినట్టుంది, తిరిగి చూడలేదు. బస్టాండులో ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాక, బస్సు ఊరు దాటాక, వెనక సీట్లో కొండప్ప అట్టను ఒడిలో పెట్టుకుని కునుకు తీస్తుండగా, ఆమె కిటికీ వైపు తిరిగి, తిమ్మీ, అని మెల్లగా అని చూసుకుంది. సరిగ్గా రాలేదు, ముసలి గొంతు, కీచుమంది, ఇట్లా పిలిస్తే ఎవరు తిరుగుతారు. గొంతు సవరించుకుని మళ్లీ అంది, ఈసారి కొంచెం గట్టిగా, మూటల చాటున ఉన్నట్టు కాకుండా, నలుగురూ వింటారన్న బెరుకు లేకుండా. ముందు సీట్లో ఎవరో ఆడమనిషి తల తిప్పి చూసింది.